మూడు నత్రజనుల నడుమ ఖాళీ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు ఆరుగురు. ముందు గదిలో పెద్దనాన్న, ఆయన ఎదురుగా వజ్రాల పరీక్షకి లైసెన్సు కొత్తగా రాసివ్వడానికి వచ్చిన అధికారి, బల్ల చివర ఫైళ్ళు అందిస్తూ పెద్దనాన్న కూతురు, అక్క. వంటింట్లో పెద్దమ్మ, కళ్ళు పాలగిన్నె మీదా చెవులు ముందు గదిలోనూ పెట్టుకుని. వెనక గదిలో నాన్న, పొద్దున్నే బస్సు దిగి, చేతిసంచీ ఇంకా విప్పకుండా. చీకటి గది గుమ్మం పక్కన, రాళ్ళు కడిగే పీట మీద, తను.

లెక్కలో తనను చివర వేసుకోవడం ఆమెకు ఊరి బడి నాటి అలవాటు. హాజరు పిలిచినప్పుడు తన వంతు వచ్చేసరికి గొంతు పెగలక చెయ్యెత్తేది, మాస్టారు చూడక గైరుహాజరు వేసేవారు, ఇంటికెళ్ళి డైరీలో తనే హాజరు వేసుకునేది. ఈ ఇంట్లో కూడా అంతే. ముంగి అని అక్క పెట్టిన పేరు. ముంగీ, రాళ్ళు కడిగావా. ముంగీ, దీపం ఆర్పు. ఇవాళ ముంగి మాట్లాడుతుంది. మూడు వాక్యాలు, అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే మధ్యలో ఆగిపోతానని తెలుసు. ఆ పెట్టెలోని రాయి యంత్రంలో పుట్టింది కాదు. ఆ రోజు వెలిగింది రాయి కాదు, బంక. మా నాన్న దొంగ కాదు. మొదటి రెండూ పెదాల దాకా బాగానే వస్తున్నాయి, మూడోది మాత్రం గొంతులో అడ్డం పడుతోంది. కాసేపట్లో పెద్దనాన్న అధికారిని చీకటి గదిలోకి తీసుకొస్తాడు, నమూనా రాళ్ళ పెట్టె తెమ్మంటాడు, తను లేస్తుంది. అప్పుడు ఆయన చేతిలోని రాళ్ళు పట్టే శ్రావణం జారి కింద పడాలి. ఆ చప్పుడు వినాలని రెండేళ్ళుగా చెవులు ఆకలితో ఉన్నాయి.

స్పిరిట్ గిన్నెలో పన్నెండు రాళ్ళు. ఒక్కోదాన్నీ శ్రావణంతో పట్టి పైకి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తెల్లకాగితం మడతలో వేయడం. వేళ్ళ చివర చల్లగా అయి, తడి ఆరి, మళ్ళీ చల్లబడుతున్నాయి. ఈ వాసన నాన్న చొక్కాకి ఉండేది. తన చిన్నప్పుడు నాన్న ఊరికి వస్తే ముందు వాసన గుమ్మం దాటేది, తరవాత మనిషి. అప్పట్లో ఈ ఇంటి వెనక గదిలో సాన తిరుగుతూ ఉండేది. నాన్న రాయిని బంకతో పుల్లకి అంటించి, తిరిగే చక్రానికి ఆనించి, చెవి ఒగ్గి వినేవాడు. చూసి కాదు, విని సాన పట్టాలనేవాడు. ఆయన మెరుగుపెట్టిన రాయిని పెద్దనాన్న చీకటి గదిలో పరీక్షించి, ఇది భూమిలో పుట్టిందనో యంత్రంలో పుట్టిందనో కాగితం రాసిచ్చేవాడు. అన్న మాట, తమ్ముడి చెయ్యి, ఒకే ఇల్లు. బయట కొట్లవాళ్ళు ఇద్దరినీ కలిపి ఒకే పేరుతో పిలిచేవాళ్ళట. ఇప్పుడు ఆ పేరు పెద్దనాన్న ఒక్కడిదే అయిపోయింది, రెండు మంచాలు కలిపేసి ఒక్కడే పడుకున్నట్టు.

లోపల అధికారి ఏదో అడుగుతున్నాడు, పెద్దనాన్న చెబుతున్నాడు. వజ్రమంటే ఏమీ లేదండీ, అంతా కర్బనమే, ఒక్కో పరమాణువూ నలుగురి చేతులు పట్టుకుని నిలబడుతుంది. ఆ గొంతు, మెత్తగా, పంతులుగారిలా. ఈ ఇంటికొచ్చిన మొదటివారంలో తనకీ ఇలాగే చెప్పాడు. నల్ల ప్లాస్టిక్ బంతులూ పుల్లలూ గుచ్చిన బొమ్మ చూపించి, ఈ నీలం బంతులు నత్రజని, దారి తప్పి వచ్చి కర్బనం చోట్లో కూర్చున్నవి అన్నాడు. బొమ్మ మధ్యలో ఒకచోట బంతి లేదు. చుట్టూ నాలుగు పుల్లలు ఏమీ లేని చోటికి చేతులు చాపినట్టు ఉన్నాయి. బంతి ఎక్కడో దొర్లిపోయిందనుకుని తను బల్ల కిందకి దూరి, మోకాళ్ళ మీద గదంతా వెతికింది, బీరువా కింద చీపురుపుల్ల పెట్టి కెలికింది. పది నిమిషాలయ్యాక అక్క నవ్వడం మొదలుపెట్టింది, ఆ నవ్వు వంటింటి దాకా పాకింది. అది పోవడం కాదే పిచ్చీ, అక్కడ లేకపోవడమే అది, దాన్నే ఖాళీ అంటారు అంది. దుమ్ము పట్టిన మోకాళ్ళతో తను నిలబడింది. డైరీలో ఆ రోజు పేజీలో, అక్క నవ్వింది, ఒకటి, అని రాసుకుంది. తరవాత రెండు, మూడు, పదకొండు. పెద్దనాన్నకి వేరే పేజీ. పెద్దమ్మకి కూడా ఒక పేజీ తెరిచింది గానీ అది నిండలేదు. జ్వరం వచ్చిన రోజు పెద్దమ్మ పక్కన కూర్చుని చిక్కులు తీసి జడ వేసింది, నొప్పి పుట్టకుండా కుదుళ్ళు పట్టుకుని మరీ. అది రాసి, చదువుకుని, కోపం పలచబడుతోందని కొట్టేసింది.

కానీ బంతుల బొమ్మ మాత్రం తనకి వచ్చేసింది. అక్క కంటే ముందు వచ్చింది. ఊరి బడి పుస్తకంలో లోపం అంటే పోగొట్టవలసినదని రాసి ఉండేది. ఇక్కడ పెద్దనాన్న, లోపం లేని రాయి నాకు ఏం చెబుతుంది, లోపమున్నదే మాట్లాడేది అంటాడు. ఆ మాట నచ్చినందుకు కూడా ఆయన మీద కోపం వచ్చింది. యంత్రంలో కొన్ని వారాల్లో పెరిగిన రాయిలో నత్రజని ఒంటరిగా, ఎక్కడిదక్కడే ఉంటుంది. భూమి అడుగున కాలం గడిచేకొద్దీ ఆ ఒంటరివి మెల్లగా కదులుతాయి. చోటు వెనక చోటు మారుతూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. ముందు జంటలవుతాయి, ఆ తరవాత ఎక్కడో మూడు నత్రజనులు ఒక ఖాళీ చుట్టూ చేరతాయి. ఆ చోటే కంటికి కనపడని అతినీలలోహిత దీపం కింద నీలంగా వెలుగుతుంది. రాయిని ద్రవ నత్రజనిలో ముంచి పరీక్ష యంత్రం కింద పెడితే, కాగితం మీద నాలుగు వందల పదిహేను నానోమీటర్ల దగ్గర సూది మొనలా ఒక గీత లేస్తుంది. దానికి పట్టే కాలం ముందు మనుషులు పెంచుకునే పగ ఎంత. అయినా తను ఏడేళ్ళది మోస్తోంది.

ఏడేళ్ళ కిందట తనకి పదేళ్ళు. సెలవులకి వచ్చి ఇదే పీట మీద కూర్చుని ఉంది. బఠాణీ గింజంత రాయి, బంగారుకొట్టు ఆసామిది. ఆయన గుమ్మంలో నిలబడి చెయ్యి గడియారం చూసుకుంటున్నాడు. తొందరలో రాయి సాన మీంచి నేరుగా దీపం కిందకి వెళ్ళింది, స్పిరిట్ గిన్నె మధ్యలో లేదు. ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దీపం ఆర్పగానే పైకి వినపడేలా లెక్కపెడతారు. భూమి రాయి ఒకటి అనేలోపే చీకటైపోతుంది. యంత్రం రాళ్ళలో కొన్ని ఆరిన తరవాత కూడా సన్నగా మినుకుతాయి. ఆ రోజు పెద్దనాన్న ఏడు దాకా లెక్కపెట్టాడు. తరవాత తలుపు తెరుచుకుంది, ఆసామి ముందే, అసలు రాయేదిరా అన్నాడు. అంతే, అరవలేదు కూడా. నాన్న తన జేబులు తనే బయటికి లాగాడు. ఒక గుండీ, తను ఇచ్చిన సుద్దముక్క. లాగిన జేబులు మళ్ళీ లోపలికి తోసుకోకుండా అలాగే బస్టాండుకి నడిచాడు. తెల్లటి గుడ్డ చెవుల్లా అటూ ఇటూ వేలాడుతోంది, వెనకాల తను సంచీ పట్టుకుని పరిగెత్తుతోంది, దారిలో ఎవరో నవ్వారు. నాన్న ఆ తరవాత ఊళ్ళో సైకిళ్ళు బాగుచేశాడు, తాళాలు బాగుచేశాడు, కత్తెరలకి పదును పెట్టాడు. వజ్రం పట్టిన చెయ్యి కత్తెరలకి. ఆ రాయి మాత్రం పెద్దనాన్న దగ్గరే ఉండిపోయింది, ఆసామికి బదులు రాయి ఇచ్చి దీన్ని నమూనాల పెట్టెలో వేశాడు. యంత్రం రాయి ఎలా ఉంటుందో చూడు అని అక్కకి దాని మీదే పాఠం. దీపం ఆర్పితే అది ఒక్క లెక్క కూడా నిలవదు, ఇట్టే చీకటవుతుంది. అక్క అడిగింది, ఇది వెలగట్లేదేం నాన్నా అని. కొన్నాళ్ళకి ఆ గుణం పోతుందిలే అన్నాడు ఆయన, అటు తిరిగి. అక్క రాసుకుంది. గుమ్మం పక్కన కూర్చుని తనూ విన్నది.

వంటింట్లోంచి కాఫీ వాసన. పెద్దమ్మ ట్రే పట్టుకుని వస్తూ తన దగ్గర ఆగి, మీ నాన్నకి ఇచ్చావా మంచినీళ్ళైనా అని అడిగి, ఇచ్చానంటే తల ఊపి వెళ్ళింది. నాన్నని ఎందుకు పిలిపించారో తనకి ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, తెలుసు. పాత సాన పనివాడు మానేశాడు, అధికారికి చూపించడానికి వెనక గదిలో ఒక మనిషి కావాలి. కుర్చీ లేకపోతే పక్కింటి నుంచి తెచ్చి వేసినట్టు. అన్నయ్య పిలిస్తే నాన్న వచ్చేశాడు కూడా, ఉతికిన చొక్కా వేసుకుని. రెండేళ్ళ కిందట పెద్దనాన్న ఊరికి వచ్చినప్పుడూ అంతే. ఇద్దరూ పెరట్లో గంటసేపు నిలబడి మాట్లాడుకున్నారు, తను కిటికీలోంచి చూసింది, వినపడలేదు, పెద్దనాన్న చేతులు కదులుతున్నాయి, నాన్న తల వంచుకుని ఉన్నాడు. తెల్లారి తనని బస్సెక్కించారు, పెద్దనాన్న దగ్గర పని నేర్చుకో అని. నేర్చుకోవడానికి కాదు తను ఎక్కింది. దొంగ కూతురు అని పెద్దమ్మ వాళ్ళ చుట్టం ఒకావిడ మొదటిరోజే అంది, తను వినపడనట్టు ప్లేట్లు సర్దింది, లోపల మాత్రం ఒక తలుపు తీసి ఆ మాటని కూర్చోబెట్టింది. అక్కడ ఇప్పుడు చాలామంది కూర్చున్నారు.

పోయిన ఆదివారం అందరూ ఎవరినో చూడటానికి వెళ్ళారు. తను నమూనా పెట్టె తెరిచింది. ద్రవ నత్రజని పోసినప్పుడు తెల్లటి పొగ బల్ల అంచుల మీంచి జారి పాదాల మీద పడింది. ముంచిన రాయి యంత్రం కింద పెట్టి మీట నొక్కితే కాగితం మెల్లగా బయటికొచ్చింది, దాని మీద నాలుగు వందల పదిహేను దగ్గర గీత, నిలువునా, నదురూ బెదురూ లేకుండా. మూడు నత్రజనుల నడుమ ఖాళీ. ఏ యంత్రమూ ఏడేళ్ళ కిందట ఆ రాయిని కని ఉండదు. తరవాత సాన బల్ల సొరుగులో అడుగున ఎండిపోయి ఉన్న నాన్న బంక డబ్బా తీసి, స్పిరిట్ చుక్కతో మెత్తబరిచి, అదే రాయి నడుము గరుకులో గోటితో చిటికెడు రాసింది. దీపం వేసి, ఆర్పి, చీకట్లో ఒక్కతే లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆరిపోయింది. ఏడ్చింది అనుకుంటారు, కాదు. నవ్వింది. అక్క నవ్వినట్టు, వంటింటి దాకా పాకేలా నవ్వింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా.

ఆ కాగితం ఇప్పుడు డైరీలో ఉంది, డైరీ ఒళ్ళో ఉంది. పదకొండో రాయి. పన్నెండోది. ఇక కడగడానికి ఏమీ లేదు. లోపల అక్క ఫైలు తిప్పుతున్న చప్పుడు. ఇంకాసేపట్లో లేస్తారు. పెద్దనాన్న ముఖం ఎలా మారుతుందో ఎన్నిసార్లు ఊహించుకుందో, ప్రతిసారీ ఒక కొత్త ముడత చేర్చుకుంటూ వచ్చింది. ఈ గది తలుపుకి తాళం పడుతుంది, బోర్డు తీసేస్తారు, అక్క చేతిలో ఫైళ్ళన్నీ పాత కాగితాలైపోతాయి. కంచాల ముందు తలలు వంచుకుని కూర్చుంటారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మాట్లాడకపోవడం ఎలా ఉంటుందో వాళ్ళూ చూస్తారు. కానీ ఆ ఊహలో ఒక లోటు ఉందని ఇప్పుడు తెలిసింది. అందులో నాన్న లేడు. నాన్న వెనక గదిలో కూర్చుని ఉంటే ఇది జరిగి ఏం లాభం. జేబులు బయటికి లాగి చూపించిన మనిషి ఎదురుగా నిలబడి వినాలి. తను లేచి నడవలోంచి వెనక గదికి వెళ్ళింది. నాన్న సాన మీద కప్పిన గుడ్డ తీసేసి, చక్రం అంచు మీద బొటనవేలు నడిపిస్తున్నాడు, నిద్రపోతున్న దాన్ని లేపకుండా తడిమినట్టు.

"నాన్నా, ముందు గదిలోకి రా. నువ్వు ఒకటి వినాలి."

ఏమిటన్నట్టు చూశాడు. తను డైరీలోంచి కాగితం తీసి, ఆ రోజు రాయిదే అని ఇచ్చింది. ఏదో చెప్పబోయింది, ఈ గీత ఏమిటంటే అని. నాన్న కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి, ఆ గీత మొన మీద వేలు పెట్టాడు.

"ఇదేనా నాలుగు వందల పదిహేను?"

సైకిళ్ళు బాగుచేసే మనిషికి ఆ అంకె ఎవరు చెప్పారు.

"కొత్త పరీక్ష యంత్రం కొన్నప్పుడే మీ పెద్దనాన్న ఈ రాయి పెట్టి చూశాడు. ఇలాంటి కాగితమే పట్టుకుని ఊరికి వచ్చాడు, రెండేళ్ళ కిందట. పెరట్లో నిలబడి ఏడ్చాడమ్మా."

కిటికీలోంచి చూసిన పెరడు తన కళ్ళముందు తిరగబడింది. కదిలిన చేతులు, వంగిన తల. ఆ తల ఎందుకు వంగిందో, ఆ చేతులు ఏమని బతిమాలాయో. నాకెందుకు చెప్పలేదని అడిగింది. చెబితే ఈ ఇంటికి వచ్చేదానివా అన్నాడు నాన్న. పెద్దనాన్న అందరి ముందూ ఒప్పుకుంటానన్నాడట, నాన్నే వద్దన్నాడట. ఒక్క రాయి తప్పు చెప్పాడని తెలిస్తే రాసిచ్చిన రాళ్ళన్నీ వెనక్కి వస్తాయి, గది మూతపడుతుంది. మూతపడిన గదిలో నువ్వేం నేర్చుకుంటావు అన్నాడు. అని, సాన వైపు చూస్తూ, మామూలు సంగతిలా చెప్పాడు.

"ఇవాళ ఆ ఫారంలో నీ పేరు ఎక్కుతోంది. మీ అక్క పేరు కింద. పరీక్షించే మనిషిగా. అందుకే నన్ను రమ్మన్నాడు, చూసి వెళ్ళమని."

"నాకక్కర్లేదు."

"నాకు కావాలి."

అంత మెల్లగా అన్నాడు. రెండేళ్ళు, పేజీ పేజీకీ, నవ్వు నవ్వుకీ లెక్కరాసి తను మోసింది ఎవరి కోసమో ఆ మనిషి దాన్ని ఎప్పుడో కింద పెట్టేసి, చేతులు దులుపుకుని, తనకి ఒక్క మాట చెప్పకుండా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్దనాన్న ఏడ్చాడట. ఏడిస్తే సరిపోయిందా. ఆ జేబుల వెనకాల పరిగెత్తింది తను. నవ్విన వాళ్ళ ముఖాలు చూసింది తను. వాళ్ళిద్దరూ అన్నదమ్ములు, పెరట్లో నిలబడి తీర్చేసుకున్నారు, తనది ఎవరు తీరుస్తారు. నాన్న కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. తను లాక్కుంది. నడవలో కాళ్ళు తనవి కానట్టు పరిగెత్తాయి, దారిలో పెద్దమ్మ ఖాళీ కప్పులతో గోడకి ఒత్తుకుంది. ముందు గది తలుపు తోసింది.

ముగ్గురూ తలెత్తారు. కాగితాన్ని అధికారి ముందు పెట్టి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. పెట్టెలోని యంత్రం రాయి యంత్రంలో పుట్టింది కాదండీ. గొంతు వచ్చింది. సన్నగా, కానీ వచ్చింది. ఏడేళ్ళ కిందట దీపం ఆర్పాక వెలిగింది రాయి కాదు, కడగకుండా వదిలేసిన బంక. మూడోది కూడా వచ్చింది, అడ్డం పడకుండా, నెత్తురు కక్కినట్టు.

"మా నాన్న దొంగ కాదు."

అధికారి కాగితం చూశాడు, కలం మూత పెట్టాడు, నిజమేనా అని పెద్దనాన్నని అడిగాడు. పెద్దనాన్న ముఖంలో తను ఊహించిన ముడతల్లో ఒక్కటీ లేదు. ఎన్నాళ్ళుగానో బరువు దించేవాళ్ళ కోసం చూస్తున్న కూలీలా ఉన్నాడు. అక్క ఆయన వైపు చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని, వెలగని రాయి గుర్తొచ్చిందేమో. ఆయన కుర్చీలోంచి లేవబోతూ, నిజమేనండీ అనడానికి పెదవులు కదిపాడు.

"నువ్వు కూర్చో అన్నయ్యా."

నాన్న గుమ్మంలో ఉన్నాడు. పరిగెత్తి రాలేదు, ఆయాసం లేదు. లోపలికి వచ్చి తన పక్కన నిలబడి, అధికారికి నమస్కారం పెట్టాడు.

"చిన్నపిల్ల, నా మీద ప్రేమ కొద్దీ అంటోందండీ. ఆ రోజు రాయి మార్చింది నేనే. మార్చిన రాయినే అన్నయ్య సరిగ్గా పట్టాడు. ఏడాది తిరక్కుండా నాకే సిగ్గేసి అసలు రాయి తెచ్చిచ్చేశాను. పెట్టెలో ఉన్నది అదే, అందుకే కాగితం అలా వచ్చింది."

ఎక్కడా గరుకు లేదు. అన్ని పలకలూ తీరిన రాయిలా ఉంది ఆ అబద్ధం. రెండేళ్ళూ సైకిళ్ళ మధ్య కూర్చుని ఎన్నిసార్లు చక్రానికి ఆనించి ఉంటాడు, ఎన్నిసార్లు చెవి ఒగ్గి విని ఉంటాడు. కాదు అనాలని నోరు తెరిచింది. తెచ్చుకున్నవి మూడే వాక్యాలు, మూడూ అయిపోయాయి. తమ్ముడూ వద్దురా అన్నాడు పెద్దనాన్న, ఆ మాట బల్ల దాటి రాలేదు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కి, తీసేశాడు. మరి ఈయన ఇన్నేళ్ళూ చెప్పలేదేం అని అధికారి అడిగితే, తమ్ముడి పరువు కదండీ అన్నాడు నాన్న, నవ్వి కూడా. అధికారి కాసేపు కాగితాన్నీ మనుషులనీ మార్చి మార్చి చూశాడు. మీ ఇంటి సంగతులు మీరు తేల్చుకోండి, సాన దగ్గర మాత్రం ఈయన కూర్చోకూడదు అన్నాడు. కూర్చోనండీ అన్నాడు నాన్న. కాగితాన్ని మడిచి ఆమెకి తిరిగి ఇచ్చేసి, అధికారి కలం మూత తీశాడు.

నాన్న చెయ్యి తన రెక్క మీద పడింది. నొప్పి లేదు, విడిపించుకోవడానికి వీలూ లేదు. అలాగే నడిపించుకుంటూ తీసుకెళ్ళి గుమ్మం దాటించాడు. తను వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చూసింది, పెద్దనాన్న కోసం దాచిన చూపంతా ఆయన మీదే పెట్టి. ఆయన చూపు తిప్పుకోలేదు. ఆయన వెనక బల్ల దగ్గర అధికారి, పరీక్షించేవాళ్ళ పేర్లు చదవమ్మా, రాసుకుంటాను అంటున్నాడు. అక్క తన పేరు చదివింది. రెండో పేరుకి గొంతు సవరించుకుంది.

నాన్న తలుపు వేశాడు.